గంత బట్ట ఎవలు నేసిండ్రు?

పోయిన దసరా నాడు ఒకరికొకరం జమ్మి పెట్టుకొని, పెద్దవాళ్ల కాళ్లు మొక్కి, ఆరుగురం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మా దోస్తు మొబైల్ షాపులో చేరాం. పండగపూట గిరాకీ ఉండదు కాబట్టి షట్టర్ సగం దించే ఉంది. అందరం డిగ్రీలో కలిసి చదువుకున్నవాళ్లమే. ఇప్పుడు ఒకడు షాపు పెట్టుకున్నాడు, ఒకడు డీసీఎం నడుపుతాడు, ఒకడు సర్కారు బళ్లో తెలుగు సారు. జడ్చర్ల నుంచి మా బామ్మర్ది కూడా వచ్చాడు. చాయ్ వచ్చేలోపే ఎప్పటి పంచాయితీయే మళ్లీ మొదలైంది. పదేళ్లలో తెలుగులో వచ్చిన సినిమాల్లో గొప్పది ఏది, గొప్ప డైరెక్టర్ ఎవరు?

ముందు ఆ పదేళ్లు ఏవన్నదాని మీదే అరగంట కొట్లాట. 2010 నుంచి లెక్క పెట్టాలని ఒకడన్నాడు. లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి 2011 నుంచి 2020 దాకా అని సారు అన్నాడు. ఆ లెక్కలన్నీ కాదు, మనకు రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న, అక్కడి నుంచి పదేళ్లు పట్టాలని మా బామ్మర్ది అన్నాడు. అట్ల పడితే 2023లో వచ్చిన 'బలగం' లోపలికి వస్తుందని వాడి ఆశ. నాకూ ఆ ఆశ ఉంది. ఆ సినిమాకు ఊళ్లలో తెరలు కట్టి, చాపలేసుకొని జనమంతా కలిసి చూడటం మనందరికీ గుర్తే. కానీ చివరికి సారు మాటే నిలిచింది. 2011 నుంచి 2020.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. కలెక్షన్లు. నైజాం షేర్ ఎంత, గ్రాస్ ఎంత, మొదటి వారం ఎంత. మా ఇలాకాను పంపిణీదారులు ఇప్పటికీ నైజాం అనే అంటారు. నిజాం పోయి ఇన్నేళ్లయినా ఆ పేరు సినిమా లెక్కల్లో మిగిలిపోయింది. ఆ నైజాం షేర్ అంకెలు మా షాపు దోస్తు నాలుక మీదే ఉంటాయి. నేను వాడిని తప్పు పట్టను. హాలు నిండితేనే ఇంకో సినిమా వస్తుంది. 2024 మే నెలలో జనం రాక తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లు పది రోజుల పాటు మూతపడ్డప్పుడు మా అందరికీ బాధయింది. కానీ డబ్బు లెక్క ఒక సినిమా ఎంతమంది చూశారో చెబుతుంది. చూసినవాళ్లు ఆ తర్వాత ఎట్ల మారారో చెప్పదు. పదేళ్ల తర్వాత కూర్చొని మాట్లాడుకునేటప్పుడు మనకు కావాల్సింది ఆ రెండోది.

నేను ఆ రోజు షాపులో ఒక మాట అన్నాను. అది సరిగ్గా చెప్పలేకపోయాను. నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే సగం మాట నోట్లోనే ఉండిపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

నా మాట ఇది. సినిమాను చూసేటప్పుడు నేను మనుషుల చేతులు చూస్తాను. ఆ మనిషి బతకడానికి ఏం పని చేస్తాడు, ఆ పని తెర మీద కనబడుతుందా లేదా? మన సినిమాల్లో చాలా ఏళ్లు హీరోకు పని అంటే ఒక పేరు మాత్రమే. రైతు అంటాడు, నాగలి పట్టుకొని ఒక పాట పాడతాడు, ఆ తర్వాత రెండు గంటలు పొలం ముఖం చూడడు. మెకానిక్ అంటాడు, బుగ్గకు కాస్త గ్రీజు పూస్తారు, అంతే. మన ఇళ్లల్లో మాత్రం రోజు మొత్తం పనే. పని లేకుండా ప్రేమ లేదు, పగ లేదు, పెళ్లి లేదు. ఆ పనిని తీసేసి మనుషుల్ని చూపించిన సినిమా ఎంత గొప్పగా తీసినా, నా వరకు అందులో సగం మనిషే ఉన్నాడు. 2011 నుంచి 2020 మధ్యలో కొందరు డైరెక్టర్లు ఆ పనిని చూడటం మొదలుపెట్టారు. నా లెక్కలో ఈ దశాబ్దం గొప్పతనం అదే. అందులో అందరికన్నా దగ్గరగా వెళ్లి చూసిన సినిమా 'మల్లేశం'.

ఈ మాట అనగానే షాపులో నవ్వారు. "నీది పద్మశాలి ప్రేమరా" అన్నాడు డీసీఎం దోస్తు. అవును, మాది గట్టుప్పల. నాయిన మగ్గం నేసేవాడు. అమ్మ ఆసు పోసేది. దాన్ని దాచుకోవాల్సిన పని నాకు లేదు. కానీ నా ఓటు అందుకే పడలేదు. ఎందుకు పడిందో చెప్పాలంటే ముందు ఆసు గురించి చెప్పాలి.

పోచంపల్లి చీర అని మీరంతా కొనుక్కునే చీరలో రంగులు నేసిన తర్వాత అద్దినవి కావు. నేయకముందే పోగు మీద ఎక్కడ ఏ రంగు రావాలో లెక్కకట్టి, అక్కడ ముడులు వేసి, రంగులో ముంచుతారు. మేం చిటికి కట్టడం అంటాం. ముడులు కట్టాలంటే ముందు పేక పోగు, అంటే బట్టలో అడ్డంగా నడిచే పోగు మొత్తాన్ని ఒక కొలతలో వరసగా పరచాలి. అందుకు ఒక చట్రం ఉంటుంది. ఒక దిక్కు మధ్యలో ఒక చీల, దానికి ఎదురుగా సగం చక్రంలా వరసగా చీలలు. పోగును ఈ చీల నుంచి ఆ చీలకు, మళ్లీ ఇటు, మళ్లీ అటు తిప్పుతూ పోవాలి. ఇదే ఆసు పోయడం. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలు పోస్తే 18 వేల సార్లు. మొత్తం పని ఒకే భుజం మీద. పోగు జారితే డిజైన్ చెడుతుంది, అందుకే కళ్లు కూడా అక్కడి నుంచి కదలకూడదు.

ఇది ఆడవాళ్ల పని. మగ్గం మీద కూర్చున్న మగవాడిని ఎవరైనా నేతగాడు అంటారు. ఆసు పోసే ఆడమనిషికి వేరే పేరే లేదు. ఇంటిపనిలో కలిసిపోయేది. మా అమ్మ రాత్రి అన్నం తినేటప్పుడు కుడిచెయ్యి నోటి దాకా లేవక ఎడమచేత్తో పళ్లెం ఎత్తి పట్టుకునేది. చిన్నప్పుడు అది అమ్మ అలవాటు అనుకున్నాను. నొప్పి అని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే పిల్లవాడికి మాత్రం చిన్నప్పుడే తెలిసింది. వాళ్లమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక, పెద్ద చదువు లేకుండానే, ఆసు పోసే యంత్రం చేస్తానని 1992లో మొదలుపెట్టాడు. 1999లో గానీ అది పూర్తి కాలేదు. మధ్యలో అప్పులు, ఊరివాళ్ల మాటలు, పట్నంలో కూలి పని. చివరికి పని దొరికిన చోట ఒక యంత్రం కదలికను చూసి మిగిలిపోయిన చిక్కు విప్పుకున్నాడు. దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కథనే రాజ్ ఆర్ 2019 జూన్‌లో సినిమాగా తెచ్చాడు. ప్రియదర్శి మల్లేశం, ఝాన్సీ అమ్మ, అనన్య నాగళ్ల భార్య. మాటలు రాసింది పెద్దింటి అశోక్ కుమార్.

నేను అప్పుడు హైదరాబాద్‌లో పని చేస్తున్నా. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆదివారం మ్యాట్నీకి వెళ్లాను. హాల్లో పాతిక మంది కూడా లేరు. తెర మీద ఆసు చట్రం కనబడగానే నా వెన్ను నిటారైంది. మా ఇంటి వసారాలో మూలకు ఉండే వస్తువు అంత పెద్ద తెర మీద ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. కాని నేను చెప్పదలుచుకుంది ఆ సంబరం గురించి కాదు. కథ నడిపిన తీరు గురించి. ఆ సినిమాలో విలన్ లేడు. ఊరి దొర లేడు, రౌడీ లేడు. హీరోకు అడ్డం పడేది ఒక్కటే, ఆ యంత్రంలో కుదరని ఒక కదలిక. ఒక ఇనుప ముక్క సరైన సమయానికి పైకి లేవదు. దాని కోసం ఒక మనిషి ఏళ్లు పోగొట్టుకుంటాడు. ఒక యంత్రం తిరుగుతుందా లేదా అన్న ప్రశ్న మీద మనం టెన్షన్ పడి కూర్చునేలా చెయ్యడం ఎంత కష్టమో ఆలోచించండి. కత్తి పట్టించి ఆ టెన్షన్ తేవడం సులువు.

లోపాలు లేవని అనను. రెండో సగంలో కథ సాగింది. పట్నంలో జరిగే భాగంలో, ఊళ్లో ఉన్నంత పట్టు లేదు. పెళ్లి ముచ్చట్లు కొంచెం తగ్గిస్తే బాగుండేది. సారు ఇవన్నీ వరసగా చెప్పాడు. అన్నీ ఒప్పుకున్నా. అయినా నా ఓటు మారలేదు.

ఇప్పుడు రాజమౌళి దగ్గరికి వస్తాను. ఎందుకంటే షాపులో సగం మంది ఆ పేరే చెప్పారు, వాళ్ల మాటలో బలం ఉంది. గొప్ప డైరెక్టర్ ఎవరు అనేది ఒక ప్రశ్న, గొప్ప సినిమా ఏది అనేది ఇంకో ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే మన పంచాయితీలు తెగవు. డైరెక్టర్ అని అడిగితే ఆ దశాబ్దానికి నేను కూడా రాజమౌళి అనే చెబుతాను. అందుకు నా సాక్ష్యం 'బాహుబలి' కాదు, 2012లో వచ్చిన 'ఈగ'. హీరో కాసేపట్లోనే చచ్చిపోతాడు. మిగిలిన సినిమా అంతా ఒక ఈగ. దానికి మాట లేదు, ముఖంలో కవళికలు లేవు. అయినా అది పగ తీర్చుకోవాలని మనం కోరుకుంటాం. పైగా గమనించండి, అక్కడ కూడా పని ఉంది. బిందు సూక్ష్మశిల్పాలు చేసే అమ్మాయి. ఆ పనితనమే ఈగకు కళ్లద్దాలు, ఆయుధాలు చేసి పెట్టింది. ఆ పిల్లకు ఆ పని లేకుంటే ఆ కథ ముందుకు కదలదు. పనిని కథలో అంత బిగుతుగా కుట్టిన సినిమా పెద్ద బడ్జెట్‌లో అరుదు.

'బాహుబలి' సంగతి వేరు. 2015లో మొదటి భాగం వచ్చినప్పుడు అమ్మను, చిన్నమ్మను నల్లగొండకు తీసుకొచ్చి చూపించాను. మా అమ్మ హాల్లో సినిమా చూసి అప్పటికి పదేళ్లయి ఉంటుంది. ఇద్దరూ నోరు తెరుచుకొని చూశారు. జలపాతం, పెద్ద విగ్రహం, కోట. కాలకేయుల యుద్ధం వచ్చింది. పెద్ద పెద్ద బట్టలను బండరాళ్లకు కట్టి శత్రువు సైన్యం మీదికి విసిరి, నూనె తడిసిన ఆ బట్టలకు నిప్పంటిస్తారు కదా. హాలంతా ఈలలు. అప్పుడు అమ్మ నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగింది.

"గంత బట్ట ఎవలు నేసిండ్రు?"

నేను అప్పుడు నవ్వాను. ఇంటికి వచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. తెర మీద అన్ని ఎకరాల బట్ట తగలబడుతుంటే హాలు మొత్తంలో ఆ బట్ట నేసిన చేతుల గురించి అడిగింది మా అమ్మ ఒక్కతే. ఆ రాజ్యంలో మగ్గాలు ఎక్కడున్నాయి? ఆ విగ్రహం పోత పోసినవాళ్లు ఎవరు? తాళ్లు పట్టి లాగేవాళ్లు కనబడతారు, వాళ్లను కాపాడే బాహుబలి కనబడతాడు, కానీ వాళ్ల పనితనం ఏమిటో తెలియదు. తెలుగు సినిమాకు మొదటిసారి జాతీయ ఉత్తమ చిత్రం పురస్కారం తెచ్చిన సినిమా అది. దాని పట్ల నాకు గౌరవం ఉంది. అంత పెద్ద కలను తెర మీదికి తెచ్చే దమ్ము వేరే ఎవరికీ లేకపోయింది. కానీ అమ్మ అడిగిన ప్రశ్నకు ఆ సినిమా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్ల తర్వాత జవాబు దిల్‌సుఖ్‌నగర్‌లో, పాతిక మంది కూడా లేని హాల్లో దొరికింది.

డీసీఎం దోస్తు ఓటు సుకుమార్‌కు, 'రంగస్థలం'కు. వాడితో నాకు పెద్దగా తగాదా లేదు. 2018లో వచ్చిన సినిమాల్లో దాన్ని నేను నాలుగుసార్లు చూశా. చిట్టిబాబు చెవులు సరిగ్గా వినబడని మనిషి, పొలాలకు మోటారుతో నీళ్లు పెట్టేవాడు, తనను తాను సౌండ్ ఇంజనీర్ అని చెప్పుకుంటాడు. ఆ పనిని చూపించిన తీరు నాకు ఇష్టం. వినబడని మనిషి కథ చెప్పిన సినిమాకు జాతీయ పురస్కారాల్లో శబ్దానికే గుర్తింపు రావడం కూడా నాకు చాలా సంతోషం. వినబడకపోవడం అక్కడ జాలి కోసం పెట్టింది కాదు, కథలో అసలు కీలు అదే. ఊరి ప్రెసిడెంటు ముప్పై ఏళ్లు కుర్చీ దిగకపోవడం, సొసైటీ అప్పు పేరుతో పొలాలు పోవడం, ఇవి గోదావరి దిక్కు ఊరివైనా మాకు కొత్త కాదు. కానీ చివరికి వచ్చేసరికి కథ పగ మీదికి మళ్లింది. మోటారు, నీళ్లు, పొలం వెనక్కి పోయాయి. నా అసంతృప్తి అంత వరకే.

సారు 'కేరాఫ్ కంచరపాలెం' అన్నాడు. విశాఖలో ఒక పేటలో అక్కడి మనుషులతోనే వెంకటేష్ మహా తీసిన సినిమా. ఆఫీసులో అటెండరు రాజు, పైనున్న ఆఫీసరమ్మ. పెళ్లి వయసు దాటిన అటెండరుకు ప్రేమకథ ఇచ్చినందుకే ఆ సినిమాకు దండం పెట్టాలి. నా లెక్కలో రెండో స్థానం దానిదే. మూడోది 'పెళ్లి చూపులు'. 2016లో తరుణ్ భాస్కర్ ఒక ఫుడ్ ట్రక్ చుట్టూ కథ అల్లాడు. ఒక కుర్రవాడికి వంట ఇష్టం, ఒక అమ్మాయికి వ్యాపారం తెలుసు, అంతే. వాళ్ల ప్రేమ ఆ పనిలోంచే వచ్చింది. విడిగా పాట పెట్టి తెచ్చింది కాదు. దాని మాటలకు జాతీయ పురస్కారం కూడా వచ్చింది. 'జెర్సీ'లో ఉద్యోగం పోయిన తండ్రి కొడుకుకు ఐదువందల జెర్సీ కొనలేకపోవడం, రైల్వే స్టేషన్‌లో రైలు మోతలో గొంతెత్తి అరవడం నేను మర్చిపోలేను. 'మహానటి' గురించి ఎక్కువ రాయను, నటన అనే పనిని అంత గౌరవంతో చూపించినందుకు అది ఎప్పటికీ నిలుస్తుంది.

'ఫిదా' పేరు ఎత్తింది మా బామ్మర్ది. నిజానికి మాలో చాలామంది మనసులో ఉన్న పేరు అది. మా యాసను ఎన్నో ఏళ్లు కమెడియన్‌కో రౌడీకో ఇచ్చేవారు. 2017లో శేఖర్ కమ్ముల ఆ యాసను హీరోయిన్ నోట్లో పెట్టాడు. ఎక్కడో తమిళనాడులో పుట్టిన సాయిపల్లవి సొంత గొంతుతో బాన్సువాడ పిల్లలా మాట్లాడింది. మా చెల్లెళ్లు ఆ సంవత్సరం పెళ్లిళ్లలో "వచ్చిండే" పాటకు ఆడని ఇల్లు లేదు. ఆ పాట రాసింది మా పాత నల్లగొండ జిల్లా సుద్దాల ఊరి అశోక్ తేజ. వాళ్ల నాయిన సుద్దాల హనుమంతు రాసిన "పల్లెటూరి పిల్లగాడా" పాటను 'మా భూమి'లో విన్నవాళ్లకు ఆ ఇంటి గురించి నేను చెప్పక్కర్లేదు. అది పసుల కాసే జీతగాడి పాట. పని పాట. తండ్రి రాసింది జీతం ఉన్న పిల్లగాడి గురించి, కొడుకు రాసింది పెళ్లిపిల్ల గురించి, రెండింట్లో ఒకే మాట. యాస గెలవడం గొప్ప విషయమే. అయితే యాస వచ్చినంత మాత్రాన బతుకు మొత్తం తెర మీదికి వచ్చినట్టు కాదు. మాట మాది, చేతులు ఇంకా ఎవరివో అన్నట్టు ఉన్న సినిమాలు ఆ తర్వాత చాలా చూశాను.

మా జిల్లాకు సినిమా పరాయిది కాదన్న సంగతి కూడా చెప్పాలి. కత్తి కాంతారావుది కోదాడ దగ్గర గుడిబండ. ప్రభాకర్ రెడ్డిది తుంగతుర్తి, డాక్టరు చదివి నటుడయ్యాడు, సినిమా కార్మికుల ఇళ్ల కోసం పాటుపడ్డాడు. నాకు మాత్రం అందరికన్నా ముందు గుర్తొచ్చేది మిర్యాలగూడ సుదర్శన్. బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి'కి ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. అందులో ఒకటి దుస్తులకు, సుదర్శన్‌కు. అప్పటి నుంచి ఆయన పేరే దాసి సుదర్శన్ అయింది. గడీలో పనిచేసే దాసి ఒంటి మీద ఏ బట్ట ఉంటుంది, దొరసాని ఒంటి మీద ఏది ఉంటుంది, ఆ తేడా చూపించడమే ఆ సినిమాలో సగం కథ. బట్టను అంత శ్రద్ధగా చూసిన మనిషి మా జిల్లావాడే. అమ్మ అడిగిన ప్రశ్న ఆయనకైతే అర్థమయ్యేది.

ఇక్కడ మా బామ్మర్ది ఒక మాట అన్నాడు, అది నాకు గట్టిగా తగిలింది. "బావా, మీకన్న ఒక మల్లేశం సినిమా వచ్చింది. మా పాలమూరోళ్లకు ఏదొచ్చింది?" అన్నాడు. దేశంలో ఎన్ని ప్రాజెక్టులు, ఎన్ని కాలువలు పాలమూరు కూలీల తట్టలతో లేచాయో పుస్తకాల్లో చదువుకున్నాం. వాడి తాత అట్ల పోయినవాడే. ఎండాకాలం ఊరు ఖాళీ అయి, ముసలివాళ్లు, తాళాలు మాత్రమే మిగలడం వాడు చూశాడు. గోరటి వెంకన్న పాటలో ఆ పల్లె ఉంది. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గొంతు 2022లో ఒక పెద్ద హీరో సినిమా పాట మొదట్లో కాసేపు వినబడింది. ఆయన జీవితమంతా పాడింది పేదల పక్షాన నిలిచిన పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ. ఆ కథ మాత్రం ఆ పాటలో లేదు. మట్టి తట్ట మోసే మనిషి నడుము మీద కెమెరా పెట్టి రెండు గంటలు నిలబడిన తెలుగు సినిమా ఆ పదేళ్లలో నాకు కనబడలేదు. వాడికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

అందరికన్నా బలమైన ప్రశ్న మాత్రం షాపు దోస్తుదే. "అరే, రోజంత పని చేసి వచ్చినోడు మల్ల హాల్లకు పోయి పనే చూడాల్నా? రెండు గంటలు బాహుబలి చూసి మర్సిపోతడు. గదే సినిమా అంటే" అన్నాడు. ఆ వెంటనే నా వైపు తిరిగి, "సరే గని, మల్లేశం మీ అమ్మకు చూపిచ్చినవా?" అని అడిగాడు.

చూపించలేదు. ఆరేళ్లుగా ఆ సినిమా గురించి దొరికినవాళ్లందరికీ చెబుతున్నాను. అమ్మకు మాత్రం చూపించలేదు. ఎందుకంటే వాడు అన్న మాటే నా లోపల కూడా ఉంది. ఆ నొప్పిని ఆమెకు మళ్లీ ఎందుకు చూపాలి, యంత్రం వచ్చి ఆమె చేతికి విశ్రాంతి దొరికింది కదా అనుకున్నాను. 'బాహుబలి' చూసిన రోజు ఆమె ముఖంలో ఉన్న వెలుగు నాకు తెలుసు. పని చేసేవాడికి మరుపు కావాలి అన్నది అబద్ధం కాదు. ఆ హక్కు ఎవరూ కాదనలేరు.

దసరా తర్వాతి ఆదివారం గట్టుప్పల వెళ్లి, ఫోన్‌ను టీవీకి కలిపి సినిమా పెట్టాను. పేరు చెప్పలేదు. అమ్మ మంచం మీద కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆసు చట్రం తెర మీద కనబడగానే చేతిలో కాయ ఆగిపోయింది. కాసేపు ఏమీ అనలేదు. ఝాన్సీ చెయ్యి అటూ ఇటూ తిరుగుతుంటే అమ్మ కళ్లు ముఖం మీద లేవు, మోచేతి మీద ఉన్నాయి. "ఆమె పోగు పట్టుడు కొత్తగ నేర్సుకున్నది. గని నొప్పి మాత్రం సరిగ్గ పట్టుకున్నది" అంది. తర్వాత ఇంకోమాట. "ఆపు జెర. మీ చిన్నమ్మను పిలువు, ఎన్కకు తిప్పి మొదటి నుంచి పెట్టు."

చిన్నమ్మ వచ్చింది. మళ్లీ మొదటి నుంచి. ఇద్దరూ సినిమాను ఎన్నిసార్లు ఆపించారో లెక్క లేదు. చీలల వరస మీద ఒకసారి, పోగు తడి మీద ఒకసారి, ఊళ్లో ఎవరు ఎంత తొందరగా పోసేవాళ్లు అన్నదాని మీద చాలాసేపు. పెళ్లిళ్ల కాలంలో ఒక రాత్రి ఇద్దరూ పందెం వేసుకొని తెల్లారేసరికి చెరో రెండు చీరలు పోశారట. ఎవరు ముందు ముగించారన్నది నలభై ఏళ్లుగా తేలలేదట. ఆ సంగతి నేను ఎప్పుడూ వినలేదు. యంత్రం కుదరక అతను దాన్ని విప్పి పారేసినప్పుడు చిన్నమ్మ "అయ్యో, అది జెర ఇటు జరిపితె సాలు గదా" అని టీవీ వైపు చెయ్యి చాపింది. రెండు గంటల సినిమా రాత్రి పదకొండు దాకా నడిచింది. చిక్కుడుకాయలు తుంచడం కాలేదు, ఆ రాత్రి పచ్చిపులుసుతో తిన్నాం.

చిన్నమ్మ వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగింది.

"గిది మంచిగున్నది బిడ్డా. మల్ల మగ్గం గుంతల కూసున్నోళ్లది ఎప్పుడు తీస్తరు?"

పంచాయితీ సంక్రాంతికి మళ్లీ షాపులో ఉంది. ఈసారి అమ్మ, చిన్నమ్మ ఓట్లు కూడా నా దగ్గర ఉన్నాయి. అమ్మ మొదటి ఓటు ఇప్పటికీ 'బాహుబలి'కే.